శ్రీ నూట ఏడు గారి గైరుహాజరు

భీమునిరేవులో మరపడవల నమోదు కార్యాలయం ఒకటుంది. సముద్రానికి కూతవేటు దూరం. అయినా అందులో పనిచేసేవాళ్లు సముద్రం మొహం చూసి ఏళ్లయింది, అటు వైపున్న కిటికీలన్నిటికీ బీరువాలు అడ్డం పెట్టేశారు మరి. ఆ రేవులో ఏ పడవ వేటకెళ్లాలన్నా లైసెన్సు కావాలి, ఆ లైసెన్సు ఈ ఆఫీసు కంప్యూటర్లోంచి అచ్చై రావాలి. కంప్యూటరు ఒక్కటే. దాని ముందు కూర్చునే మనిషీ ఒక్కతే, జూనియర్ అసిస్టెంటు నూకరత్నం.

రెండేళ్ల కిందట రాజధానిలో పెద్దాఫీసుకు స్వావలంబన పూనకం వచ్చింది. కొనుక్కునే సిస్టమ్‌లు మనకొద్దు, అందరి సొత్తయిన లినక్సే వాడదాం అన్నారు. బాగానే ఉంది. లినక్సుకేం, నిక్షేపంలాంటి సిస్టం, నూకరత్నం పాలిటెక్నిక్‌లో చదివే రోజుల నుంచీ దానితోనే కాపురం చేస్తోంది. కానీ పూనకం వచ్చినవాళ్లు ఒక్క కేకతో ఊరుకుంటారా? ఆ వెనకే ఇంకో సర్క్యులరు దిగింది. ఎవరో ఆడిటరు "కంప్యూటరు పనిచేయని దినములకు బాధ్యులెవరు?" అని అడిగాడట. దానికి పెద్దాఫీసు ఇలా సెలవిచ్చింది: "ఇకమీదట కంప్యూటరునందు విధులు నిర్వహించు ప్రతి కెర్నల్‌నూ సిబ్బందితో సమానముగా పరిగణించి, దాని పేర సర్వీసు రిజిస్టరు తెరచి, చేరిక, సెలవు, పదవీ విరమణ మొదలగు వివరములు ఎప్పటికప్పుడు నమోదు చేయవలెను. విచారణ లేనిదే ఏ కెర్నల్‌నూ తొలగించరాదు."

కెర్నల్ అంటే సిస్టమంతటికీ వంటవాడు. వడ్డించేవాళ్లు ఎంతమందున్నా వంటవాడు రాని పెళ్లిలో పంక్తి లేవదు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఒక కొత్త కెర్నల్ వస్తుంది, దానికో నంబరుంటుంది. పాతది ఎందుకైనా మంచిదని మెషీన్లోనే ఓ పక్కన ఉండిపోతుంది. లోకంలో అందరూ ఒకటో రెండో పాతవి అట్టేపెట్టుకుని తక్కినవాటిని తీసి పారేస్తారు.

సూపరింటెండెంటు పరాంకుశం గారికి మాత్రం ఈ సర్క్యులరు విస్తట్లో పడిన బూరెలా కనిపించింది. ముప్ఫై రెండేళ్ల సర్వీసులో ఎంతమంది మనుషులకు రిజిస్టర్లు రాసినా ఆయనకు ఆకలి తీరలేదు. మొదటి కెర్నల్ రిజిస్టరు తెరిచిన రోజే నూకరత్నంతో పేచీ వేసుకున్నారు.

"పుట్టుమచ్చల గడి ఖాళీగా వదిలేశారేంటమ్మా?"

"కెర్నల్‌కి పుట్టుమచ్చలుండవు సార్."

"ముప్ఫై రెండేళ్లలో పుట్టుమచ్చ లేని గవర్నమెంటు ఉద్యోగిని నేను చూళ్లేదు. సరిగా వెతకండి."

నూకరత్నం వెతికినట్టు కాసేపు నటించి, "తెర మీద పెంగ్విన్ పక్షి బొమ్మ కలదు" అని రాసింది. ఆయన తృప్తిగా సంతకం పెట్టారు.

అప్పట్నుంచీ అప్‌డేట్ వచ్చిన ప్రతి సాయంత్రం పాత కెర్నల్‌కు పదవీ విరమణ సభ జరిగేది. మానిటరుకు శాలువా కప్పేవారు. "వారు లేని లోటు పూడ్చలేనిది" అని పరాంకుశం గారు మాట్లాడేవారు. తర్వాత మిరపకాయ బజ్జీలు, టీ. ఇలా రెండేళ్లలో పదకొండు పాత కెర్నళ్లు పోగయ్యాయి. అవన్నీ ఉండే అర ఆ మెషీన్లో చాలా చిన్నది. అర నిండిపోతోంది, పాతవి తియ్యకపోతే ఈసారి కొత్తది పట్టదు అని నూకరత్నం మూడు నోట్లు పెట్టింది. మూడింటి మీదా "చూడడమైనది" అని రాసి తిరిగొచ్చింది.

జూన్ ఎనిమిదో తారీకు సాయంత్రం నూట ఏడో నంబరు కెర్నల్ వచ్చింది. నూట ఆరు గారికి శాలువా కప్పి బజ్జీలు తిన్నారు. తొమ్మిదో తారీకు పొద్దున్న నూకరత్నం మీట నొక్కితే నల్లటి తెర మీద నాలుగు వరసల తెల్ల అక్షరాలు వచ్చి, మెషీను అక్కడే బిగుసుకుపోయింది.

అయిదు రోజుల్లో వేట నిషేధం ముగుస్తుంది. అరవై ఒక్క రోజులు ఒడ్డున కూర్చున్న పడవలన్నీ పదిహేనో తారీకు తెల్లారగట్ల సముద్రంలోకి దిగాలి. నలభై మూడు లైసెన్సులు అచ్చు వెయ్యాల్సి ఉన్నాయి. అందులో నలభై మూడోది మైలపల్లి ఎర్రమ్మది.

ఎర్రమ్మ ఎనిమిదింటికే వచ్చి వరండాలో గోడకు జారబడి కూర్చుంది. అరవై ఏళ్లు దాటిన మనిషి. ఆమె మొగుడు అప్పన్న పోయిన కార్తీకంలో వేటకెళ్లి, మూడో నాటికి శవమై ఒడ్డుకు కొట్టుకొచ్చాడు, అస్థికలు మళ్లీ ఆ సముద్రంలోనే కలిపారు. "గంగాభవాని" అనే మరపడవ మిగిలింది. దాన్ని తన పేరు మీదికి మార్చి లైసెన్సు ఇమ్మని ఆమె ఫిబ్రవరిలోనే అర్జీ పెట్టింది, చావు సర్టిఫికెట్‌తో సహా.

"ఏటమ్మా నూకరత్నం, అవుద్దా ఇయ్యాల?"

"మెషీను మొరాయించింది పిన్నీ. కొంచెం టైం పడుతుంది."

"ఎంత టయము? నా కాడ అయిదుగురు కళాసీలున్నారు. పదేనో తారీకు మన పడవెల్లకపోతే ఆళ్లు ఆ రోజే రైలెక్కి గుజరాతు ఎల్లిపోతారట. కూలోల్ని తీసుకెల్లే మేస్త్రీ వొచ్చి అడ్వాన్సు సూపించి కూకున్నాడు. ఆళ్లెల్లిపోతే పడవేటి, ఆ ఇసకలో పుచ్చిపోవడమే. నానొక్కదాన్నీ తోలగలనేటి?"

నూకరత్నానికి ఆ రైలు కొత్త కాదు. ఆమె మేనమామలు ఇద్దరూ అలాగే గుజరాతు రైలెక్కారు. ఒకాయన ఇంటికొచ్చి మూడేళ్లయింది. "అవుతుంది పిన్నీ, రెండు నిమిషాల పని" అనేసి లోపలికొచ్చింది. నిజానికది రెండు నిమిషాల పనే. మెషీను ఆన్ చెయ్యగానే ఒక జాబితా వస్తుంది, కింది బాణం మీట నొక్కుతూ వెళ్లి నిన్నటి నూట ఆరుని ఎంచుకుంటే చాలు, సిస్టం సుబ్బరంగా లేచి కూర్చుంటుంది.

వేలు మీట మీద పెట్టిందో లేదో పరాంకుశం గారు వెనక నుంచి ఆపారు.

"ఏం చేస్తున్నారు?"

"నూట ఆరుతో నడిపిద్దామని సార్. కొత్తది లేవట్లేదు."

"నూట ఆరు గారు నిన్న సాయంత్రం అయిదు నలభైకి రిటైరయ్యారు. మీరూ బజ్జీ తిన్నారు."

"తిన్నాను సార్. కానీ అది లోపలే ఉంది, బాగానే పనిచేస్తుంది."

"రిటైరైన మనిషి బాగా పనిచేస్తాడని మర్నాడు పొద్దున్నే పిలిచి సీట్లో కూర్చోబెడతామా? రేపు ఇంకో సూపరింటెండెంటు వస్తాడు, నన్ను కూడా అలాగే కూర్చోబెడతాడు. దీనికో పద్ధతుంది."

చూడకుండా చేసేద్దామా అని నూకరత్నానికి అనిపించకపోలేదు. కానీ ప్రతి లైసెన్సు అడుగునా "విధులలోనున్న కెర్నల్" అని ఒక గడి పెట్టించాడు పెద్దాఫీసు మహానుభావుడెవరో. అందులో నంబరు దానంతటదే పడుతుంది. రిటైరైన నంబరు పడిందంటే ఆ కాయితం చెల్లదు, పడవను నడిసముద్రంలో పట్టుకుంటారు.

పరాంకుశం గారి పద్ధతి ప్రకారం ముందుగా నూట ఏడు గారికి మెమో తయారైంది. "శ్రీ 107, కెర్నల్ గారు తేది 8న విధులలో చేరియు, తేది 9న అనుమతి లేకుండా గైరుహాజరైనందున, వారిపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో ఇరువదినాలుగు గంటలలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." దాన్ని మెషీను ముందు చదివి వినిపించారు. తీసుకోవడానికి ఎవరూ చెయ్యి చాచలేదు కాబట్టి, "స్వీకరించుటకు నిరాకరించినందున అంటించడమైనది" అని రాసి మానిటరు మధ్యలో జిగురుతో అంటించారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టుంది యవ్వారం. కట్టడానికి తాడు కూడా వీళ్లే పేనుతున్నారు.

ఇరవై నాలుగు గంటలు గడిచాయి, సంజాయిషీ రాలేదు. పదకొండో తారీకున విచారణాధికారిగా అసిస్టెంట్ డైరెక్టరు సన్యాసిరాజు గారు జీపులో దిగారు. ముద్దాయికి తరఫు సహాయకుణ్ణి ఇవ్వాలని రూలు, ఆఫీసులో ఖాళీగా ఉన్నది నూకరత్నమే. ఖాళీగా ఎందుకుందంటే కంప్యూటరు విచారణలో ఉంది.

సన్యాసిరాజు గారు గొంతు సవరించుకుని, "ఆరోపణకు గురైన వారిని ప్రవేశపెట్టండి" అన్నారు.

నూకరత్నం మెమో కాయితం పైకెత్తి పట్టుకుని మీట నొక్కింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు.

"ఏమంటున్నారు వారు?"

"లోపలికి పూర్తిగా ఎక్కలేకపోయానంటోంది సార్. ఉండాల్సిన అర నిండిపోయింది, సగమే పట్టింది. దీన్ని కెర్నల్ పానిక్ అంటారు."

"తెలుగులో?"

"గాభరా పడిందని సార్."

సన్యాసిరాజు గారు కళ్లజోడు తీసి పరాంకుశం గారి వైపు చూశారు. "తప్పు చేయనివాడు విచారణాధికారి ఎదుట గాభరా ఎందుకు పడతాడండీ? రాసుకోండి. అడిగినంతనే తొట్రుపాటుకు గురై నేరమును పరోక్షముగా అంగీకరించినట్లు గమనించడమైనది."

నూకరత్నం ఇక లాభం లేదనుకుని నిలబడింది. "సార్, తరఫు సహాయకురాలిగా ఒక మాట. దీని తప్పేం లేదు. పాతవాళ్లు పదకొండు మంది క్వార్టర్లు ఖాళీ చెయ్యలేదు, కొత్తగా వచ్చినాయన సామాను వాకిట్లో పెట్టుకుని నిలబడ్డాడు. అలా అనుకోండి. ఒక తొమ్మిది మందిని తీసేస్తే ఈ క్షణంలో లోపలికొచ్చేస్తాడు."

ఆ ముక్క సన్యాసిరాజు గారి చెవికి సొంపుగా తగిలింది. ఆయన సర్వీసంతా క్వార్టర్ల తగాదాలతోనే గడిచింది. "పాయింటే" అన్నారు. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయన సర్క్యులరు తిరగేసి వేలితో ఒక లైను మీద టకటక కొట్టారు. "విచారణ లేనిదే ఏ కెర్నల్‌నూ తొలగించరాదు. తొమ్మిది మందికి తొమ్మిది విచారణలు. ఒక్కొక్కటి నెల చొప్పున వేసుకున్నా మార్చి కల్లా పూర్తి చేయవచ్చును. నేను శ్రమకు వెనుదీయువాడను కాను."

"పదిహేనో తారీకు వేట మొదలవుతుంది సార్."

"ఏ సంవత్సరం మార్చి అని మీరు అడగలేదు, అది మెచ్చుకోదగిన విషయం" అని ఆయన ఫైలు మూసి, చేపల పులుసు ఎక్కడ బాగుంటుందో కనుక్కుని జీపెక్కారు.

పన్నెండో తారీకు పొద్దున్న వరండాలో ఎర్రమ్మ పక్కన ఇంకో పాతికమంది పడవలవాళ్లు చేరారు. లోపల పరాంకుశం గారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. నూకరత్నం ఆయన బల్ల ముందుకెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది. నాలుగు రోజులు ఆయన భాష వినీ వినీ ఆమెకూ కొంచెం పట్టుబడింది.

"సార్, రిటైరైన వారిని కాంట్రాక్టు పద్ధతిన తిరిగి తీసుకునే వీలుంది కదా. నూట ఆరు గారిని ఒక వారం తీసుకుందాం."

పరాంకుశం గారి మొహం విప్పారింది. "అదీ. ఇప్పుడు గవర్నమెంటు ఉద్యోగిలా మాట్లాడారు. తప్పకుండా తీసుకోవచ్చు. నిరభ్యంతర పత్రం నేనిస్తాను. ఆరోగ్య ధ్రువపత్రానికి ఏరియా ఆస్పత్రిలో నాకు తెలిసిన కాంపౌండరున్నాడు. ఇంక లైఫ్ సర్టిఫికెట్ ఒక్కటే."

"లైఫ్ సర్టిఫికెట్టా?"

"రిటైరైనవారు సజీవంగా ఉన్నట్టు రుజువు లేకుండా ఉత్తర్వు ఎలా ఇస్తామమ్మా? వారు స్వయంగా అధికారి ఎదుట హాజరై, నేను బతికే ఉన్నాను అని చెప్పాలి."

"చెప్పించేస్తాను సార్. ఒక్క మీట నొక్కితే లేచొస్తుంది, మీ ఎదురుగానే."

"నొక్కడానికి ఉత్తర్వుందా?"

"ఉత్తర్వు కోసమే కదా సార్ సర్టిఫికెట్."

"సర్టిఫికెట్ లేకుండా ఉత్తర్వెలా ఇస్తాను?"

"లేవకుండా సర్టిఫికెట్ ఎలా వస్తుంది సార్?"

"ఉత్తర్వు లేకుండా ఎలా లేస్తారు?" అని పరాంకుశం గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఎంతో సానుభూతిగా తల పంకించారు. "చాలామంది పెన్షనర్లకు ఇదే ఇబ్బందమ్మా. మంచాన పడ్డవాళ్లు ఎంతమందో."

నూకరత్నానికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏడిస్తే సెలవు పెట్టమంటాడు, కోప్పడితే మెమో ఇస్తాడు. రెండూ మింగి తన సీటుకొచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం ఎర్రమ్మ వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగింది.

"మేస్త్రీ టిక్కెట్లు తీయించేసినాడమ్మా. పదేనో తారీకు మజ్జేన్నం బండి. మా కుర్రోలు నా మొగము సూసి ఇంకా సంచులు సద్దలేదు. అబద్దము సెప్పకు, అవ్వకపోతే అవ్వదని సెప్పెయ్యి. ఆళ్లని నానే పొమ్మంటాను."

"రేపొక్క రోజు ఆగు పిన్నీ."

ఎందుకందో ఆమెకే తెలీదు. నోరు ముందు అనేసింది, తర్వాత ఇంటికెళ్లి అన్నం సయించక కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

పదమూడో తారీకు మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని నూకరత్నం కెర్నళ్ల సర్వీసు రిజిస్టర్లన్నీ బీరువాలోంచి దింపింది. ఈ ఆఫీసులో బతకాలంటే ఈ ఆఫీసు పుస్తకంలోనే దారి వెతుక్కోవాలని ఆమెకప్పటికి బోధపడింది. ఒక్కొక్కటే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోయింది. చేరిక, పుట్టుమచ్చ, సత్ప్రవర్తన, పదవీ విరమణ, శాలువా రసీదు. మళ్లీ చేరిక, పుట్టుమచ్చ. తొంభై ఒకటో నంబరు గారి రిజిస్టరు దగ్గర పులిహోర ముద్ద నోట్లోనే ఆగిపోయింది.

తొంభై ఒకటి గారికి పదవీ విరమణ ఎంట్రీ లేదు.

ఆమె తేదీలు కూడుకుని చూసింది. ఏణ్ణర్థం కిందట, ఆ కెర్నల్ స్థానంలో కొత్తది వచ్చిన రోజున పరాంకుశం గారు బావమరిది గృహప్రవేశానికని సెలవు పెట్టారు. సభ వాయిదా పడింది. వాయిదా పడిన సభను ఎవరూ మళ్లీ తలుచుకోలేదు, బజ్జీలు మాత్రం తర్వాతి సభలో ఒకటి చొప్పున ఎక్కువ తిని ఉంటారు. అంతటితో అయిందా అంటే లేదు. ఆ తర్వాత వచ్చిన జనవరిలో "సర్వీసు సంతృప్తికరం, ఒక ఇంక్రిమెంటు మంజూరు" అని పరాంకుశం గారి ముత్యాల్లాంటి చేతిరాత ఉంది. అందరి రిజిస్టర్లతో పాటు దీని మీదా చూడకుండా గీసిపారేశారు. అంటే ప్రభుత్వ రికార్డు ప్రకారం ఆ మెషీన్లో ఏణ్ణర్థంగా ఇద్దరు ఉద్యోగులు డ్యూటీలో ఉన్నారు. వాళ్లలో ఒకాయన గైరుహాజరు, ఒకాయన సిద్ధంగా ఉన్నాడు.

రిజిస్టరు పట్టుకుని సూపరింటెండెంటు గది తలుపు తోసింది.

"సార్, శ్రీ తొంభై ఒకటి గారు ఇంకా సర్వీసులోనే ఉన్నారు. నూట ఏడు గారి పని వారికి అదనపు బాధ్యతగా అప్పగించవచ్చు."

పరాంకుశం గారు పేజీ చూశారు. వెనక్కి తిప్పి మళ్లీ చూశారు.

"ఈ ఎంట్రీ... ఈ ఎంట్రీ మరిచిపోయినట్టుంది."

"మరిచిపోయారంటే మీ మీద మెమో వస్తుంది సార్. ఏణ్ణర్థం పాటు రిటైరైన వారికి ఇంక్రిమెంటిచ్చారని ఆడిట్‌లో రాస్తారు. మీకింక మూడేళ్ల సర్వీసే ఉంది." నూకరత్నం గొంతు తగ్గించింది. "మరిచిపోలేదు, కావాలనే కొనసాగించారంటే మీ ముందుచూపని రాస్తారు."

పరాంకుశం గారు రిజిస్టరును మెల్లిగా మూసి, దాని మీద చెయ్యి వేసి, నిట్టూర్చారు.

"ఇలాంటి రోజొకటి వస్తుందని నాకు అప్పుడే అనిపించిందమ్మా. అందుకే వారిని అట్టేపెట్టాను."

సన్యాసిరాజు గారికి ఫోన్ వెళ్లింది. క్వార్టర్ల ముక్క చెప్పినందుకో, పులుసు బాగున్నందుకో ఆయన అడ్డు చెప్పలేదు. పద్నాలుగో తారీకు పదకొండు గంటలకు ఉత్తర్వు వచ్చింది. "శ్రీ 91, కెర్నల్ గారు తమ విధులతో పాటు శ్రీ 107 గారి విధులను తాత్కాలిక అదనపు బాధ్యతగా నిర్వహింతురు. సదరు బాధ్యత దైనందిన కార్యములకు మాత్రమే పరిమితము. నూతన నిర్ణయములు తీసుకొనుటకు వీలులేదు."

నూకరత్నం మెమో చింపి పారేసి మీట నొక్కింది. జాబితా రాగానే కింది బాణం నొక్కుతూ తొంభై ఒకటి దగ్గర ఆగి, ఎంటర్ కొట్టింది. నల్ల తెర మీద అక్షరాలు జరజరా పరిగెత్తి, పోయి, నీలం రంగు తెర వచ్చింది, దాని మధ్యలో పెంగ్విన్. వరండా కిటికీలోంచి చూస్తున్న పడవలవాళ్లు ఒక్కసారిగా ఈల వేశారు. నూకరత్నం నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, తనకంత ఆనందం వేస్తుందని అనుకోలేదు.

సాయంత్రం నాలుగున్నరకి నలభై రెండు లైసెన్సులు అచ్చయ్యాయి. నలభై మూడోది తీసేసరికి పరాంకుశం గారు లేచొచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

"అది ఆపండి."

"ఏం సార్?"

"పేరు మార్పు. అప్పన్న పేరు తీసి ఎర్రమ్మ పేరు రాయాలి. అది నూతన నిర్ణయం. ఇన్‌ఛార్జిగా ఉన్నవారు నూతన నిర్ణయాలు చెయ్యడానికి వీల్లేదు. ఉత్తర్వులో స్పష్టంగా ఉంది."

"సార్, రేపు పొద్దున్న పడవెళ్లాలి."

"వెళ్లకూడదని నేనన్నానా? ఉన్న లైసెన్సును ఉన్నట్టు రెన్యువల్ చెయ్యడం దైనందిన కార్యం. అప్పన్న పేరు మీద వెయ్యండి."

నూకరత్నం కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఆయన చచ్చిపోయాడు సార్. బతికున్న మనిషి పేరు రాయడానికి అధికారం లేదు, చచ్చిపోయిన మనిషికి లైసెన్సివ్వడానికి ఉందా? సర్టిఫికెట్ మన ఫైల్లోనే ఉంది."

"ఉంది. ఏ ఫైల్లో ఉంది? పేరు మార్పు ఫైల్లో ఉంది" అన్నారు పరాంకుశం గారు, కోపం తెచ్చుకోకుండా. "రెన్యువల్ ఫైల్లో లేదు. రెన్యువల్ ఫైలు వరకూ అప్పన్న ఆరోగ్యంగా ఉన్నాడు."

"మొన్న నూట ఆరుకి లైఫ్ సర్టిఫికెట్ అడిగారు కదా సార్. అప్పన్నకి అడగరా?"

"అది రిటైరైనవారికమ్మా. అప్పన్న రిటైరైనట్టు నా దగ్గర ఎంట్రీ లేదు."

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా వింటున్న ఎర్రమ్మ లోపలికొచ్చింది. ఆమె ఎప్పుడూ బల్ల ఇవతలికి వచ్చేది కాదు, ఆ రోజు నేరుగా కంప్యూటరు పక్కకొచ్చి నిలబడింది.

"ఆ బాబుతోటి తగువేటమ్మా. ఆడి పేరునే కొట్టియ్యి."

"అది తప్పు పిన్నీ. నీ పడవది. నాలుగు నెలలుగా తిరుగుతున్నావు."

"నా పేరు రాసేదాకా ఆగితే మా కుర్రోలు రైల్లో ఉంటారు. కొట్టియ్యి." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని పరాంకుశం గారి వైపు తిరిగింది. "బతికున్నంత కాలము ఈ ఆపీసుకి రమ్మంటే ఒక్కనాడు రానేదు బాబూ ఆడు. అన్నిటికీ నన్నే తోలీవోడు. ఇప్పుడొచ్చి ఆడే తెచ్చుకుంతన్నాడు, పోన్లెండి."

పరాంకుశం గారు రసీదు పుస్తకం ముందుకు జరిపారు. యజమాని సంతకమో వేలిముద్రో ఉండాలన్నారు. ఎర్రమ్మ ఎడమ చేతి బొటనవేలు సిరాలో ముంచి, అప్పన్న అన్న పేరు మీద గట్టిగా నొక్కింది. ఆయన దాన్ని వెలుతురులో పట్టి చూసి, స్పష్టంగా పడిందని తృప్తిపడ్డారు. లైసెన్సు అచ్చయి వచ్చింది. యజమాని, మైలపల్లి అప్పన్న. విధులలోనున్న కెర్నల్, 91. నూకరత్నం ఆ కాయితాన్ని ఇస్తూ ఎర్రమ్మ మొహం చూడలేకపోయింది.

పదిహేనో తారీకు ఇంట్లో నిలవలేక, ఇంకా సరిగా తెల్లారకముందే రేవుకెళ్లింది. ఆ ఆఫీసులో చేరాక ఆమె సముద్రాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. పడవలన్నీ వరసగా నిలబడ్డాయి. చెక్‌పోస్టు దగ్గర హోంగార్డు బల్ల వేసుకుని ఒక్కొక్క కాయితం చూసి రిజిస్టర్లో ఎక్కిస్తున్నాడు. పెద్దాఫీసు వాళ్లు ఆ ఏడాదే కొత్త రూలొకటి పెట్టారు, పడవ బయలుదేరే ముందు యజమాని రేవులో హాజరున్నాడో లేడో రాయాలని.

గంగాభవాని వంతు వచ్చింది. అయిదుగురు కళాసీలు వలలు సర్దుకుని ఎక్కి కూర్చున్నారు. మొలకు చీర బిగించి ఎర్రమ్మ కూడా పడవ అంచు పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"ఓనరు మైలపల్లి అప్పన్న" అని చదివాడు హోంగార్డు. "అప్పన్నెక్కడ?"

కళాసీలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఎర్రమ్మ చెయ్యెత్తి సముద్రం వైపు చూపించింది.

"ఆడు కార్తీకంలోనే ఎల్లిపోనాడు బాబూ. ఆడెనకాలే ఎల్తన్నాము."

హోంగార్డు అటు చూశాడు. ముందు వెళ్లిన పడవల దీపాలు దూరంగా కనిపిస్తున్నాయి. తల ఊపి, కలం అందుకుని, "యజమాని సముద్రంలో ఉన్నాడు" అని రాసి ముద్ర వేశాడు. నూకరత్నం ఆ రాతను తలకిందులుగా చదివింది. తప్పు దిద్దడానికి అందులో ఏమీ లేదు. ఎర్రమ్మ పడవెక్కి కూర్చుంది, ఇంజను అందుకుంది.